భూమి జోలికొస్తేనే గుర్తొచ్చే రాజ్యాంగం: రోమ్, క్రీ.పూ. 133

రోమన్ రిపబ్లిక్ ఎప్పుడు కూలిందని అడిగితే ఎక్కువమంది సీజర్ రూబికాన్ నది దాటిన క్రీ.పూ. 49 పేరు చెబుతారు. ఇంకాస్త చదివినవాళ్లు వెనక్కి వెళ్లి, సుల్లా అనే సేనాని సొంత నగరం మీదికే సైన్యాన్ని నడిపించిన 88ని చూపిస్తారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. రాజకీయ వివాదాన్ని రక్తంతో తేల్చుకోవచ్చని, తేల్చుకున్నా ఎవరూ ఏమీ అనరని రోమ్‌కు నేర్పిన ఏడాది క్రీ.పూ. 133. ఆ ఏడాది టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్‌ను, అంటే ప్రజాప్రతినిధిని, అతనితో పాటు 300 మందికి పైగా పౌరులను సెనేటర్లు పట్టపగలు కొట్టి చంపారు. ఆ చావులన్నిటి వెనకా ఉన్నది ఒక భూ చట్టం.

ఆ ఏడాది రోమ్‌లో వార్తలకు కరువు లేదు. స్పెయిన్‌లో ఏళ్ల తరబడి రోమ్‌ను ముప్పుతిప్పలు పెట్టిన నుమాన్షియా పట్టణం చివరికి రోమన్ సేనాని స్కిపియో ఎమిలియానస్‌కు లొంగిపోయింది. ఊరి చుట్టూ సుమారు 9 కిలోమీటర్ల గోడ కట్టి, తిండి అందకుండా చేసి, మాడ్చి చంపి గెలిచాడు. సిసిలీలో యూనస్ అనే సిరియా బానిస రాజునని ప్రకటించుకుని ఎన్నా కొండ మీద నుంచి పోరాడుతున్నాడు. ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారులైన ఇద్దరు కాన్సుళ్లలో ఒకడైన పీసో అక్కడే యుద్ధంలో ఉన్నాడు. అతని పేరు చెక్కిన వడిసెల గుండ్లు ఆ ప్రాంతంలో తవ్వకాల్లో దొరికాయి. ఆసియా మైనర్‌లో పెర్గామమ్ రాజు మూడో అట్టాలస్ వారసుడు లేకుండా చనిపోతూ, తన రాజ్యాన్ని వీలునామా రాసి మరీ రోమన్ ప్రజలకు ఇచ్చేశాడు. ఇక రోమ్‌లో టైబీరియస్ గ్రాకస్ హత్య. పుస్తకాల్లో ఈ నాలుగూ నాలుగు అధ్యాయాల్లో ఉంటాయి. నాకు మాత్రం అన్నిట్లోనూ ఒకే ప్రశ్న కనిపిస్తుంది. యుద్ధంలో గెలిచిన సంపద ఎవరి ఇంటికి చేరింది? దాని కోసం చచ్చినవాళ్లకు ఏం మిగిలింది?

ఇటలీలో రోమ్ ఓడించిన ఊళ్ల నుంచి లాక్కున్న భూమిలో కొంత భాగం రోమన్ ప్రజల ఉమ్మడి ఆస్తి అయ్యేది. మన మాటల్లో ప్రభుత్వ భూమి. దాన్ని సాగు చేసుకునేవాడు శిస్తు కట్టాలి. ఒకరి చేతిలో 500 యూగెరాలకు, అంటే సుమారు 310 ఎకరాలకు మించి ఉండకూడదని పాత చట్టం. ఆ చట్టం క్రీ.పూ. 367లో లిసీనియస్ స్టోలో అనే ట్రిబ్యూన్ తెచ్చాడని, పదేళ్లకే అతను కొడుకును వేరు కాపురం పెట్టించినట్టు చూపి 1,000 యూగెరాలు దగ్గర పెట్టుకుని సొంత చట్టం కిందే జరిమానా కట్టాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆ తర్వాతి తరాల పెద్దలకు అదే బాట అయింది. బంధువుల పేర్ల మీద, ఊరూ పేరూ లేని మనుషుల పేర్ల మీద భూములు పెట్టించారు. చివరికి ఆ ముసుగు కూడా తీసేసి తమ పేరు మీదే పెట్టుకున్నారు. 1973 నాటి సీలింగ్ చట్టం తర్వాత బినామీ పట్టాలు ఎలా పుట్టుకొచ్చాయో చూసిన తెలుగువాళ్లకు ఇందులో విడమరచి చెప్పాల్సింది ఏమీ లేదు.

ఆ పొలాల్లో పని చేసింది బానిసలు. కారణం చాలా మొరటైనది. స్వేచ్ఛాపౌరుడైన కూలీని పనిలో పెట్టుకుంటే సైన్యం ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లిపోతాడు. బానిసకు సైనిక సేవ లేదు కాబట్టి ఎక్కడికీ పోడు. పైగా ప్రతి విజయం తర్వాత యుద్ధ ఖైదీలు గుంపులు గుంపులుగా సంతకు వచ్చేవారు. స్పెయిన్‌లో ఆరేళ్లు ఈటె పట్టిన చిన్న రైతు ఇంటికొచ్చేసరికి పొలం బీడుపడి ఉండేది, లేదా పక్క పెద్దమనిషి కంచె లోపలికి పోయి ఉండేది. ఆ పొలంలో తాను పట్టి తెచ్చిన ఖైదీనే దున్నుతూ ఉండేవాడు. రోమన్ సైన్యంలో చేరాలంటే ఎంతో కొంత ఆస్తి ఉండాలన్నది నిబంధన. భూమి పోయినవాడు సైనికుడిగా కూడా పనికిరాడు. అంటే సామ్రాజ్యం తనను నిలబెట్టిన మనుషులనే నమిలేస్తోంది. సిసిలీ మంటలకూ మూలం ఇదే, నుమాన్షియా అవమానాలకూ మూలం ఇదే.

నుమాన్షియా దగ్గర టైబీరియస్ ఇదంతా కళ్లారా చూశాడు. క్రీ.పూ. 137లో అతను అక్కడి సైన్యానికి ఖజానా అధికారి. సేనాని మాన్సినస్ చేతకానితనం వల్ల సైన్యమంతా చిక్కుకుపోయింది. నుమాన్షియన్లు మాన్సినస్ మాట నమ్మలేదు, టైబీరియస్ వస్తేనే మాట్లాడతామన్నారు. ఒకప్పుడు స్పెయిన్‌లో న్యాయంగా నడుచుకున్న అతని తండ్రి మీద వాళ్లకు గురి ఉంది. టైబీరియస్ కుదిర్చిన ఒప్పందంతో 20,000 మంది పౌరుల ప్రాణాలు దక్కాయని అతని జీవితచరిత్ర రాసిన ప్లూటార్క్ చెప్పాడు. ఇంకో సంగతి కూడా రాశాడు. శిబిరం దోపిడీలో టైబీరియస్ ఖాతా పుస్తకాలు పోయాయి. అప్పటికే వెనుదిరిగి నడుస్తున్న సైన్యాన్ని వదిలి, ముగ్గురు నలుగురిని వెంటబెట్టుకుని అతను శత్రువుల ఊరి గుమ్మం దాకా వెళ్లి, నా లెక్కల పుస్తకాలు నాకివ్వండని అడిగాడు. రోమ్ వెళ్లాక ప్రతి నాణేనికీ జవాబు చెప్పాలి కదా! వాళ్లు లోపలికి పిలిచి, భోజనం పెట్టి, పుస్తకాలు ఇచ్చి, దోచుకున్నవాటిలో ఇంకేం కావాలన్నా తీసుకోమన్నారు. ప్రభుత్వ పూజలకు వాడే ధూపం మాత్రం తీసుకుని వెనక్కి వచ్చాడు. ఈ మనిషినే తర్వాత నియమాలంటే లెక్కలేనివాడని, కిరీటం కోసం ఆశపడ్డవాడని నిందించారు.

సెనేట్ ఆ ఒప్పందాన్ని చించి పారేసింది. మాన్సినస్ బట్టలు విప్పించి, చేతులు కట్టి నుమాన్షియన్లకు అప్పగించింది. వాళ్లు అతన్ని ముట్టుకోలేదు. ఇచ్చిన మాట తప్పడానికి, బతికొచ్చిన సైనికుల పరువు తీయడానికి సెనేట్‌కు ఏ రాజ్యాంగమూ అడ్డు రాలేదు.

ఇక ఆ చట్టం. అది ఎంత మెత్తటిదో చూస్తే ఈ రక్తపాతం ఇంకా భయంకరంగా కనిపిస్తుంది. ఎవరి సొంత భూమినీ అది ముట్టుకోలేదు. ప్రభుత్వ భూమిని కబ్జా చేసుకున్నవాడికి కూడా 500 యూగెరాలు ఉంచింది, కొడుకుల పేరున ఇంకో 250 చొప్పున కలిపింది. మిగిలింది మాత్రం వెనక్కి తీసుకుని, భూమిలేని పౌరులకు అమ్ముకోవడానికి వీల్లేని చిన్న కమతాలుగా పంచాలంది. మొదటి ముసాయిదాలో అయితే చట్టాన్ని అతిక్రమించినవాళ్లకు నష్టపరిహారం కూడా ఉంది. రాసినవాళ్లలో ఆ ఏటి కాన్సుల్, ఆ కాలంలో పేరుమోసిన న్యాయ కోవిదుడు ముసియస్ స్కెవోలా ఉన్నాడు. టైబీరియస్ మామ అప్పియస్ క్లాడియస్ సెనేట్‌లోనే పెద్ద తలకాయ. వీధి మూకలు గిలికిన కాగితం కాదది. అసలు ఒత్తిడి కింది నుంచే మొదలైంది. ప్రభుత్వ భూమిని పేదలకు ఇప్పించమని జనం గోడల మీద, సమాధుల మీద టైబీరియస్ పేరు పెట్టి రాశారు. ఇటలీ అడవుల్లో మృగానికైనా ఓ గుహ ఉంది, ఇటలీ కోసం పోరాడి చచ్చేవాడికి గాలీ వెలుతురూ తప్ప ఏమీ లేవు, లోకానికి యజమానులని పిలిపించుకునే వీళ్లకు సొంతమని చెప్పుకోవడానికి ఒక్క మట్టిగడ్డ లేదు అని అతను వేదిక మీద నిలబడి అన్నది ఆ గోడ రాతలకు జవాబే.

అడ్డుపడింది సాటి ట్రిబ్యూన్ మార్కస్ ఆక్టేవియస్. పేదల రక్షణ కోసం పుట్టిన పదవిలో కూర్చుని, పేదల చట్టం మీద వీటో వేశాడు. అతని చేతిలోనూ ప్రభుత్వ భూమి ఉంది. నీకొచ్చే నష్టం నా జేబులోంచి ఇస్తానని టైబీరియస్ అన్నాడు. వినలేదు. చివరికి ఆక్టేవియస్‌ను పదవి నుంచి తొలగించే తీర్మానం ప్రజాసభ ముందుకు వచ్చింది. 35 ఓటు విభాగాలు ఒకదాని తర్వాత ఒకటి ఓటేస్తాయి. 17 విభాగాలు తొలగించమన్నాయి. ఇంకొక్కటి పడితే మెజారిటీ. అక్కడ టైబీరియస్ ఓటింగ్ ఆపించాడు. అందరూ చూస్తుండగా ఆక్టేవియస్‌ను కౌగిలించుకుని, ఈ అవమానం నువ్వు పడొద్దు, నన్నింత కఠినమైన పని చేసినవాణ్ణి చేయొద్దు అని బతిమాలాడు. ఆక్టేవియస్ కళ్లు చెమర్చాయి, చాలాసేపు నోరు మెదపలేదు. తర్వాత గుంపుగా నిలబడ్డ భూస్వాముల వైపు చూశాడు. కానివ్వు, నీ ఇష్టం అన్నాడు. ఈ సన్నివేశాన్ని నేను ఎన్నిసార్లు చదివినా ఆ చూపు దగ్గరే ఆగిపోతాను. అతని ఓటు ఎవరిదో ఆ ఒక్క చూపు చెప్పేసింది.

టైబీరియస్‌ను తప్పుపట్టేవాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. బిల్లును ముందు సెనేట్ ముందు పెట్టే ఆనవాయితీని పక్కనపెట్టాడు. పదవిలో ఉన్న ట్రిబ్యూన్‌ను తొలగించడం అంతకు ముందు లేదు. పెర్గామమ్ ఖజానా గురించి తీర్మానం తెచ్చి, సెనేట్ చేతిలో ఉండే విదేశీ వ్యవహారాల్లో వేలు పెట్టాడు. వెంటనే రెండోసారి పోటీకి దిగాడు. ఆక్టేవియస్‌ను వేదిక మీద నుంచి దింపేటప్పుడు జరిగిన గొడవలో అతని సేవకుడికి కళ్లు పోయాయి. టైబీరియస్ ఆపడానికి పరుగెత్తినా అప్పటికే ఆలస్యమైంది. ఇటలీ పొలాల్లో మట్టిపెంకులు ఏరి లెక్కగట్టిన పురావస్తు సర్వేలు కూడా చిన్న కమతాలు చాలా చోట్ల నిలిచే ఉన్నాయని, టైబీరియస్ చెప్పినంత విధ్వంసం అంతటా లేదని అంటున్నాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను.

అయితే ఆనవాయితీ అంత పవిత్రమైనదైతే స్కిపియో సంగతేమిటి? క్రీ.పూ. 148లో అతను ఈడైల్ అనే చిన్న పదవికి పోటీ చేయడానికి వచ్చాడు. కాన్సుల్ కావడానికి వయసు చాలదు. కార్తేజ్ మీద గెలవాలి కాబట్టి చట్టాన్ని సడలించి కాన్సుల్‌ను చేశారు. ఆ తర్వాత ఒకసారి కాన్సుల్ అయినవాడు మళ్లీ కాకూడదని చట్టం ఉండగానే, క్రీ.పూ. 134 ఏడాదికి నుమాన్షియా కోసం అతన్నే రెండోసారి ఎన్నుకున్నారు. నుమాన్షియా లొంగాక సెనేట్ ఆదేశం కోసం ఆగకుండా ఊరిని నేలమట్టం చేశాడు, 50 మందిని తన విజయోత్సవ ఊరేగింపుకు అట్టిపెట్టుకుని మిగతావాళ్లను బానిసలుగా అమ్మేశాడు. ఒక్క సెనేటరూ బల్ల విరగ్గొట్టలేదు. యుద్ధానికి వంగే నియమం భూమి పంపకానికి ఎందుకు వంగదు? ఒకే మనిషికి రెండుసార్లు చట్టాన్ని పక్కకు జరిపినవాళ్లు, రెండేళ్లు తిరక్కుండానే టైబీరియస్ రెండోసారి పోటీ చేస్తే రిపబ్లిక్ ప్రమాదంలో పడిందని గగ్గోలు పెట్టారు. నాకు ఇందులో రాజ్యాంగ నిష్ఠ ఎంత వెతికినా కనిపించదు. కనిపించేది 500 యూగెరాల హద్దు.

ఎన్నిక రోజు కాపిటల్ కొండ మీద ఏం జరిగిందో తెలిసిందే. గోల మధ్య మాట వినిపించక, నా ప్రాణానికి ముప్పు ఉందని చెప్పడానికి టైబీరియస్ చేతితో తల తాకాడు. కిరీటం అడుగుతున్నాడని సెనేట్‌కు కబురు వెళ్లింది. నిరంకుశుణ్ణి అణచమని నాసికా అనే సెనేటర్ పట్టుబట్టాడు. నేను ముందుగా హింసకు దిగను, విచారణ లేకుండా ఏ పౌరుణ్ణీ చంపించను, ప్రజలు చట్టవిరుద్ధంగా ఏదైనా తీర్మానిస్తే దాన్ని గుర్తించను అని కాన్సుల్ స్కెవోలా జవాబిచ్చాడు. రిపబ్లిక్‌లో చివరి రాజ్యాంగబద్ధమైన మాట అదే అనిపిస్తుంది నాకు. దాన్ని కాదని, కాన్సులే రాజ్యాన్ని వదిలేశాడంటూ, దేశాన్ని కాపాడాలనుకునేవాళ్లు నా వెంట రండని నాసికా టోగా అనే పైవస్త్రం అంచు తల మీద కప్పుకుని బయల్దేరాడు. అతను రోమ్ ప్రధాన పూజారి. విరిగిన బెంచీల కాళ్లు, కర్రలు పట్టుకుని సెనేటర్లు వెంట నడిచారు. ట్రిబ్యూన్ శరీరాన్ని తాకడమే మతద్రోహం. అలాంటి ట్రిబ్యూన్ తల మీద తొలి దెబ్బ వేసింది సటురీయస్ అనే ఇంకో ట్రిబ్యూన్, బెంచీ కాలుతో. రెండో దెబ్బ నాదేనని మరొకడు తర్వాత గర్వంగా చెప్పుకున్నాడు. శవాలను రాత్రికి రాత్రే టైబర్ నదిలో పడేశారు. తమ్ముడు గైయస్ అడిగినా అన్న దేహం ఇవ్వలేదు. మరుసటి ఏడాది ప్రత్యేక విచారణ పెట్టి అతని అనుచరులను వెంటాడారు. చంపించనన్న స్కెవోలా కూడా పని అయిపోయాక నాసికాను సమర్థించాడు. నుమాన్షియాలో ఆ కబురు విన్న స్కిపియో, టైబీరియస్ అక్కకో చెల్లెలికో భర్త, ఇలాంటి పని చేసే ప్రతివాడూ ఇలాగే చావాలనే అర్థం వచ్చే హోమర్ పాదం చదివాడు.

చరిత్ర ఇక్కడికొచ్చి కన్నీళ్లు తుడుచుకుని ఆగిపోతుంది. నాకు అంతకంటే ముఖ్యమైనది దీనికి కాస్త ముందూ, చాలా తర్వాతా జరిగింది. భూ సంస్కరణను కర్రలతో చంపడం చాలా అరుదు. మామూలుగా దాన్ని చంపేది బడ్జెట్టు, రికార్డు, వాయిదా. రోమ్‌లో మూడూ వాడారు.

చట్టం పాసయ్యాక పొలాలు కొలిచే ముగ్గురు సభ్యుల కమిషన్ ఏర్పడింది. టైబీరియస్, గైయస్, అప్పియస్. ఊరూరా తిరగాలి కాబట్టి గుడారం ఇవ్వమని టైబీరియస్ సెనేట్‌ను అడిగాడు. అంతకంటే చిన్న పనులకే ఎందరికో ఇచ్చిన గుడారం ఇది. ఇవ్వలేదు. రోజువారీ బత్తెం 9 ఒబోల్‌లని తేల్చారు, అంటే చిల్లర. ఈ ప్రతిపాదన తెచ్చింది ఎవరో తెలుసా? అదే నాసికా. అతని చేతిలోనూ ప్రభుత్వ భూమి పెద్ద మొత్తంలోనే ఉందని ప్లూటార్క్ రాశాడు. బెంచీ కాలు పట్టుకుని కొండెక్కడానికి ముందు అతను పట్టిన ఆయుధం బత్తెం. పెర్గామమ్ ఖజానాను కొత్త రైతుల నాగళ్లకు, పనిముట్లకు ఇద్దామని టైబీరియస్ ఎందుకు పట్టుబట్టాడో ఇక్కడ అర్థమవుతుంది. చేతిలో పైసా లేనివాడికి భూమి ఇస్తే అది ఏడాదిలో మళ్లీ పెద్దమనిషి దగ్గరికే తిరిగి వెళుతుంది.

టైబీరియస్ చచ్చాక కూడా సెనేట్ ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. ధైర్యం లేకపోయింది. అతని స్థానంలో గైయస్ మామ లిసీనియస్ క్రాసస్ కమిషన్‌లోకి వచ్చాడు, కొలతలు సాగాయి. ఆ ముగ్గురి పేర్లు చెక్కిన హద్దు రాళ్లు దక్షిణ ఇటలీలో, ముఖ్యంగా కంపానియా, లుకానియా ప్రాంతాల్లో దొరికాయి. అంటే పని నిజంగా జరిగింది. జరిగిన చోటల్లా గొడవ లేచింది. కొన్న దస్తావేజులు లేవు, ఇచ్చిన పట్టాలు లేవు, ఉన్నవాటిలో హద్దులు సరిపోవు. కబ్జాదార్ల ఏడుపులు చరిత్రకారుడు అప్పియన్ వరసగా రాశాడు. ఈ పొలంలో మా తాతల సమాధులున్నాయి, కూతురికి కట్నం ఈ భూమే ఇచ్చాం, దీని మీద అప్పు తెచ్చాం, చెట్లు నాటాం, ఇళ్లు కట్టాం అని. ఇందులో ఒక్క మాటయినా కొత్తగా ఉందా? ప్రభుత్వ భూమిని ఖాళీ చేయమన్న ప్రతి దేశంలో ప్రతి శతాబ్దంలో వినిపించే మాటలే ఇవి.

క్రీ.పూ. 129లో అసలు దెబ్బ పడింది. ఇటలీ మిత్ర నగరాల ఫిర్యాదులను చేతబట్టుకుని స్కిపియో సెనేట్‌లో ఒక చిన్న మార్పు అడిగాడు. చట్టం ఉండనివ్వండి, ఏది ప్రభుత్వ భూమి, ఏది ప్రైవేటు భూమి అని తీర్పు చెప్పే అధికారం మాత్రం కమిషన్ నుంచి తీసేసి కాన్సుల్‌కు ఇవ్వండి అన్నాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఆ కాన్సుల్ టుడిటానస్ కొద్దిరోజులు ఫైళ్లు తిరగేసి, ఇది తెమిలే పని కాదని తేల్చుకుని, ఇల్లిరియా మీద యుద్ధానికి వెళ్లిపోయాడు. తీర్పు చెప్పేవాడు యుద్ధంలో ఉన్నాడు, చెప్పగలిగినవాళ్లకు అధికారం లేదు. కమిషన్ ఉంది, చట్టం ఉంది, గుమాస్తాలు ఉన్నారు. కొలవడానికి భూమే లేదు. కర్రలతో 300 మందిని చంపినా ఆగని పని ఆ ఒక్క అధికార బదిలీతో ఆగిపోయింది.

అందుకే ఏ సంస్కరణ గురించి విన్నా నేను చట్టం పేరు అడగను. వివాదం వస్తే తేల్చేదెవరు, అతని బత్తెం ఎవరిస్తారు, అతన్ని బదిలీ చేసే అధికారం ఎవరిది అని అడుగుతాను. స్కిపియోకు ఆ సంగతి తెలుసు. గైయస్‌కూ తెలిసింది. క్రీ.పూ. 123లో ట్రిబ్యూన్ కాగానే కమిషన్‌కు జీవం పోయడానికి పూనుకున్నాడు. రెండేళ్లకు అతన్నీ చంపారు. ఈసారి బెంచీ కాళ్లతో కాదు, కాన్సుల్ ఒపీమియస్ సైనికులతో, సెనేట్ తీర్మానంతో. చనిపోయినవాళ్లు 3,000 మంది అని లెక్క. తర్వాత ఒపీమియస్ రోమ్‌లో సామరస్య దేవతకు గుడి పునర్నిర్మించాడు.

ఆ తర్వాత పెద్దలకు తొందర లేదు. మొదట పేదలకిచ్చిన కమతాలను అమ్ముకోవచ్చన్నారు. ధనవంతులు కొన్నారు, అమ్మనివాళ్లను ఏదో ఒక సాకుతో వెళ్లగొట్టారు. తర్వాత పంపిణీ ఆపేసి, కబ్జాదార్లు శిస్తు కడితే చాలన్నారు, ఆ డబ్బు జనానికి పంచుతామన్నారు. చివరికి ఆ శిస్తూ ఎత్తేశారు. క్రీ.పూ. 111 నాటి భూ చట్టం ఇటలీలో కబ్జాలో ఉన్న ప్రభుత్వ భూమిలో చాలా భాగాన్ని ప్రైవేటు ఆస్తిగా స్థిరపరిచింది. ఆ చట్టం చెక్కిన కంచు రేకు ముక్కలుగా మిగిలి ఉంది. దాని రెండో వైపున ఉన్నది గైయస్ కాలంలో వచ్చినదని పండితులు చెప్పే చట్టం: అధికారంలో ఉన్నవాళ్లు ప్రజల నుంచి దోచుకున్నది వెనక్కి కక్కించే చట్టం. దాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వీపు మీద భూమి ఎవరిదో రాసుకున్నారు.